బందరు ఉప్పెనను వెతికే వాక్యం: పదపదానికీ వ్యాఖ్య

మూలం

మసూలిపటం | "స్టార్మ్ వేవ్" లేదా సైక్లోన్ లేదా ఇనండేషన్ | 20 మాటల దూరంలో | 1864 నవంబరు – 1865 డిసెంబరు | వార్తలు | తేదీ వరుస

అవతారిక

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద విరుచుకుపడింది. తుపాను తోసుకొచ్చిన ఉప్పెన కోటనూ పేటనూ ముంచి మైళ్ల కొద్దీ లోపలికి పోయింది. ప్రాణనష్టం సుమారు 30,000 అని చెప్పుకుంటారు. గోర్డన్ మెకంజీ 1883లో అచ్చువేసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఈ ఉప్పెన కథ ఉంది. 1977 దివిసీమ ఉప్పెనను చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు, చెబుతున్నారు. 1864 నాటి దానికి అలా చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. ఆ వారాల్లో వేడివేడిగా రాసిన మాటలు కావాలంటే ఆనాటి వార్తాపత్రికలే దిక్కు.

ఆ పత్రికల్లో చాలా భాగం ఇప్పుడు ఇంట్లో కూర్చున్నా దొరుకుతుంది. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్, న్యూజిలాండ్ వారి పేపర్స్ పాస్ట్, సింగపూర్ వారి న్యూస్‌పేపర్ ఎస్‌జీ ఉచితం. 2011లో మొదలైన బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో వెతకడం ఉచితం, చాలా పుటలు తెరిచి చదవాలంటే చందా కట్టాలి. బందరు మునిగిన సంగతి మెల్‌బోర్న్ పత్రికలో ఎందుకు వెతకాలి అనే ప్రశ్నకు జవాబు కింద వస్తుంది.

పైన మూలంగా పెట్టిన వాక్యం ఏ ఒక్క సైటు వ్యాకరణానికీ చెందింది కాదు. గుర్తులు చోటు చోటుకీ మారతాయి, వెనకున్న ఆలోచన మాత్రం మారదు. టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లో. చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఉంచాను.

మసూలిపటం

బందరు నేటి పేరు మచిలీపట్నం అని కొడితే ఆ కాలపు పత్రికల్లో ఏమీ రాదు. 1864లో ఇంగ్లిషు పత్రికలు ఎక్కువగా వాడింది చివర్లో ‘ఎన్’ లేని మసూలిపటం. మసూలిపట్నం కూడా కనిపిస్తుంది. ఒక ఊరి గురించి వెతకడానికి ముందు ఆ ఊరిని ఆ దశాబ్దంలో, ఆ భాషలో ఎలా రాశారో తెలుసుకోవాలి. విజయవాడకు బెజవాడ, ఏలూరుకు ఎల్లోర్, కాకినాడకు కొకనాడ, విశాఖకు విజాగపటం, భీమిలికి బిమ్లిపటం. కృష్ణ ఆనాడు ‘కిస్ట్నా’. ఆ రూపం తెలియనివాళ్లకు మన నది గురించి వందేళ్లలో వచ్చిన వార్తలు కనబడకుండానే పోతాయి.

జిల్లాల హద్దుల సంగతి ఇంతకన్నా గడుసుది. 1864లో గుంటూరు జిల్లా లేదు. 1859లో కృష్ణాలో కలిసిపోయి, 1904లో గానీ మళ్లీ విడిగా ఏర్పడలేదు. తూర్పు గోదావరి అనే పేరు 1925కు ముందు పత్రికల్లో ఉండే అవకాశమే లేదు. నేటి పటాన్ని మనసులో పెట్టుకుని నిన్నటి పత్రికను అడిగితే పత్రిక మౌనంగా ఉంటుంది. మనమేమో వార్తే లేదనుకుంటాం.

భాష పేరూ అంతే. పద్ధెనిమిదో శతాబ్దంలో, పందొమ్మిదో శతాబ్దం తొలి భాగంలో ఇంగ్లిషువాళ్లు తెలుగును, తెలుగువారిని ‘జెంటూ’ అన్నారు. తరవాత ‘తెలింగ’, రెండు ‘ఓ’లు రెండుసార్లు వచ్చే ‘తెలూగూ’ రూపాలు నడిచాయి. ఒంగోలులో 1878 జులై 3న మిషనరీ జాన్ క్లౌ నాయకత్వంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతిని అమెరికన్ పత్రికల్లో, అంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికాలో వెతికేవాళ్లు ఈ పాత రూపాలు కూడా ప్రయత్నించాలి. అయితే అక్కడ అన్నిటికన్నా మంచి మాట ‘ఒంగోల్’. ఇంగ్లిషులో ఆ అక్షరాల వరుసకు ఇంకో అర్థం లేదు. వెతికే మాటకు ఉండాల్సిన మొదటి గుణం ఆ అరుదుతనమే. బందరులో బడి పెట్టిన మిషనరీ రాబర్ట్ నోబుల్ గురించి వెతికేవారికి ఆ సుఖం లేదు. నోబుల్ అని కొడితే బ్రిటిష్ పార్లమెంటులో ‘నోబుల్ లార్డ్’ అన్న ప్రతి ఉపన్యాసమూ వచ్చి పడుతుంది. అక్కడ మిషన్ పేరు, ఊరు, ఆయన చనిపోయిన 1865 అక్టోబరు నెల, ఇవన్నీ కలిపి అడగాలి.

ఇక మసూలిపటం అనే మాటలో పదకొండు ఇంగ్లిషు అక్షరాలున్నాయి. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో చెప్పడానికి కొంచెం ఆగాలి. వెతుకు పెట్టెలో మనం రాసిన మాటను కంప్యూటరు పత్రికలో చూడదు. పత్రిక పుటను ఫొటో తీసి, ఆ ఫొటోలోని అక్షరాలను ఓసీఆర్ అనే యంత్రం చదివి రాసుకున్న పాఠంలో చూస్తుంది. ఆ ఫొటో కూడా చాలాసార్లు కాగితానిది కాదు, పాత మైక్రోఫిల్ముది. ఫిల్ము మీద గీతలు, బైండింగు మడతలో పడ్డ నీడ, అవతలి పక్క నుంచి ఊరిన సిరా, అరిగిపోయిన సీసపు అక్షరాలు, ఇవన్నీ యంత్రం కళ్లకు అడ్డం పడతాయి. ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉంటే ‘ఎమ్’ అనుకుంటుంది. ‘సి’ని ‘ఇ’గా, ‘ఎల్’ను ఒకటి అంకెగా చదువుతుంది. ఆస్ట్రేలియా గ్రంథాలయంలో ఈ పనిచూసిన రోజ్ హోలీ 2009లో అచ్చువేసిన వ్యాసంలో, పరీక్షకు తీసుకున్న పుటల్లో ఓసీఆర్ ఖచ్చితత్వం 71 నుంచి 98 శాతం దాకా ఉందని రాశారు.

98 శాతం అంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. ప్రతి అక్షరమూ నూటికి తొంభైసార్లు సరిగా పడే పుటలో పదకొండు అక్షరాల మాట పూర్తిగా సరిగ్గా పడేది నూటికి సుమారు ముప్పై ఒక్కసారే. అదే పుటలో నాలుగక్షరాల ‘వేవ్’ అరవై ఆరుసార్లు సరిగ్గా పడుతుంది. 98 శాతం పుటలో కూడా మసూలిపటం నూటికి ఇరవైసార్లు చెడిపోతుంది. తప్పులు ఇంత సమంగా పరచుకోవు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా పొడుగాటి ఊరి పేరు మీద ఒక్కదాని మీదే భారం వేయకూడదని చెప్పడానికి ఇది చాలు.

దానికి తోడు, పాత పత్రికల కాలమ్‌లు సన్నగా ఉంటాయి. పొడుగు మాటను పంక్తి చివర విరిచి, ‘మసూలి’ ఒక పంక్తిలో, ‘పటం’ తరవాతి పంక్తిలో వేసేవారు. రెండు ముక్కలనూ అతికించి సూచికలో చేర్చే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంది, కొన్ని చోట్ల లేదు. అందుకే మాట మొదటి భాగం రాసి చివర నక్షత్రం గుర్తు పెట్టి ఇంకోసారి అడగాలి. పట్నం, పటం రెండు రూపాలూ దానికి దొరుకుతాయి, విరిగిన మాటల్లోనూ కొన్ని దొరుకుతాయి.

ఇంకా వెనక్కి పోతే మరో చిక్కు. 1789 డిసెంబరులో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన ఉప్పెన గురించి వెతికేవాళ్లు, పందొమ్మిదో శతాబ్దం మొదలయ్యేదాకా ఇంగ్లిషు అచ్చులో మాట మధ్యలో వచ్చే ‘ఎస్’ పొడుగ్గా, ‘ఎఫ్’లా ఉండేదని మరవకూడదు. యంత్రం దాన్ని ‘ఎఫ్’ అనే చదువుతుంది. ఆ కాలపు పత్రికల్లో మన ఊరు ‘మఫులిపటం’ అయి కూర్చుంటుంది. అలాగే కొట్టి చూడండి. ఊరి పేరును తెలిసి తెలిసి తప్పుగా రాయడానికి చేయి రాదు గాని, యంత్రం చేసిన తప్పును మనమూ చేస్తేనే ఆ పుట తెరుచుకుంటుంది.

స్టార్మ్ వేవ్, సైక్లోన్, ఇనండేషన్

ఒక్క మాట సరిపోదా అంటే, సరిపోదు. మనం ‘ఉప్పెన’ అనే ఒక్క మాటలో చెప్పేదాన్ని ఆనాటి ఇంగ్లిషు పత్రికలు అరడజను మాటల్లో చెప్పాయి. తుపాను కెరటాన్ని శాస్త్రం తెలిసినవాళ్లు స్టార్మ్ వేవ్ అన్నారు. పత్రికలవాళ్లు టైడల్ వేవ్ అని కూడా రాశారు. నీళ్లు ఊరిని ముంచడం ఇనండేషన్. గాలిని గేల్ అనో హరికేన్ అనో టెంపెస్ట్ అనో అన్నారు. నేడు ప్రపంచమంతా వాడుతున్న సైక్లోన్ అనే మాటను కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ 1840ల్లో పుట్టించాడు. కాబట్టి 1864కు ఆ మాట పనికొస్తుంది. 1839 నవంబరులో కోరంగి రెండోసారి మునిగినప్పటి వార్తల్లో అది ఉండే వీలే లేదు.

కోరంగి సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. ఆ 1839 ఉప్పెనలో 3 లక్షలమంది పోయారని నేటి జాబితాల్లో తరచూ కనిపిస్తుంది. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయిన సంఖ్యలను నమ్మే ముందు, ఆ ఏడాది చివరి నుంచి 1840 మధ్య దాకా వచ్చిన పత్రికలను హరికేన్, ఇనండేషన్ అనే మాటలతో అడిగి, వాళ్లు ఎంత అన్నారో చూడాలి. పోయినవాళ్లను సరిగ్గా లెక్కపెట్టే ప్రయత్నమైనా చేయడం వాళ్లకు మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద.

కొటేషన్ గుర్తుల మధ్య పెట్టినప్పుడు రెండు మాటలూ ఆ వరుసలోనే పక్కపక్కన ఉండాలని అర్థం. స్టార్మ్ వేవ్ లాంటి జంట మాటలకే అవి పెట్టాలి. పొడుగు వాక్యాన్ని కోట్లలో పెడితే అందులో ఒక్క అక్షరం యంత్రానికి తప్పిపోయినా మొత్తం పోతుంది.

20 మాటల దూరంలో

మూలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. తక్కువమంది వాడేదీ ఇదే.

ఆనాటి పత్రికలకు నేటిలా ఒక వార్తకు ఒక శీర్షిక ఉండేది కాదు. ‘ఇండియా’ అనో ‘ఓవర్‌లాండ్ మెయిల్’ అనో ఒకే తల కింద పొడుగాటి కాలమ్. అందులో బొంబాయి పత్తి ధర, సరిహద్దులో యుద్ధం, ఎవరో కల్నలు పెళ్లి, ఓడ రాకపోకలు, కలరా అన్నీ. డిజిటైజు చేసినవాళ్లు ఆ కాలమ్ మొత్తాన్ని ఒకే వ్యాసంగా కత్తిరించారు. అలాంటి చోట మసూలిపటం, వేవ్ రెండూ ఉన్న వ్యాసాలు కావాలని అడిగితే, పై చివర బందరులో కలెక్టరు బదిలీ, కింది చివర బిస్కే అఖాతంలో కెరటం ఉన్న కాలమ్ కూడా వస్తుంది. రెండు మాటలూ ఇరవై మాటల లోపు ఉండాలి అని అడిగితే ఈ పొల్లు చాలావరకు పోతుంది. ట్రోవ్‌లో రెండు మాటలనూ కోట్లలో పెట్టి, వెంటనే అలగుర్తు, దాని పక్కన సంఖ్య రాస్తే చాలు. సంఖ్యను పదితో మొదలుపెట్టి ఇరవై, యాభై అంటూ పెంచుకుంటూ పోవచ్చు.

దీనికి తోడు తెలుసుకోవాల్సింది, చాలా సైట్లు మనం అడిగిన మాటతో పాటు దాని దగ్గరి రూపాలనూ కలిపి తెస్తాయని. ట్రోవ్‌లో మాటకు ముందు ‘ఫుల్‌టెక్స్ట్’ అని పెట్టి, రెండు చుక్కలు పెట్టి రాస్తే ఆ సాయం మానేసి రాసిన మాటనే వెతుకుతుంది. ఊరి పేర్లకు ఇది బాగా పనికొస్తుంది.

మూలంలో లేని మాట: కలకత్తా

1864లో సైక్లోన్ అని అడగగానే కుప్పలుగా వచ్చేది బందరు కాదు, కలకత్తా. అంతకు నెల ముందే, అక్టోబరు 5న, పెద్ద తుపాను హుగ్లీ మీద పడి, రేవులోని ఓడలను గట్ల మీదికి విసిరింది. రాజధాని నగరం, ఓడల వ్యాపారం, బీమా కంపెనీల డబ్బు, అన్నీ అక్కడ ఉన్నాయి. ప్రపంచ పత్రికల్లో ఆ వార్త నెలల తరబడి నడిచింది. బందరు దాని నీడలో పడింది.

అప్పుడు ఎవరికైనా తోచేది, కలకత్తా అనే మాటకు ముందు తీసివేత గుర్తు పెట్టి ఆ వార్తలన్నీ తోసేయడం. ఇక్కడ ఆ పని చేయకూడదు. బందరు ఉప్పెన గురించి రాసినవాడు కలకత్తాతో పోల్చకుండా ఉంటాడా? రెండు వార్తలూ ఒకే టపాలో వచ్చి ఒకే కాలమ్‌లో పడ్డవి ఎన్ని ఉంటాయో! కలకత్తాను తీసేస్తే మనకు కావలసినవే ముందు పోతాయి. తీసివేత గుర్తును అర్థాలు బొత్తిగా కలవని చోటే వాడాలి.

అలాంటి చోట్లు మన తీరం పేర్లలోనే ఉన్నాయి. కోరమాండల్ అని న్యూజిలాండ్ పేపర్స్ పాస్ట్‌లో అడిగితే బంగారు గనుల వార్తలు వస్తాయి. 1820లో అక్కడికి వెళ్లిన బ్రిటిష్ నౌక కోరమాండల్ పేరు ఆ ద్వీపకల్పానికి స్థిరపడింది. కోరంగి అని ట్రోవ్‌లో అడిగితే ఆస్ట్రేలియా తూర్పున కోరల్ సముద్రంలోని కోరంగ దీవులు వస్తాయి. 1845లో అక్కడ పగిలిపోయిన ‘కోరంగ ప్యాకెట్’ అనే ఓడ పేరది. గోల్కొండ ఇల్లినాయ్‌లో ఊరు, నెవాడాలో ఊరు, టాస్మేనియాలో ఊరు. పైగా ‘ఇదొక గోల్కొండ’ అంటే బంగారం పండే చోటు అని గనుల ప్రకటనల్లో మామూలు మాట. మన రేవుల్లో కట్టిన, మన రేవులకు తిరిగిన ఓడలు పేర్లను ఎంత దూరం మోసుకెళ్లాయో ఈ పొల్లు ఫలితాలే చెబుతాయి. ఓడల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు వీటిని పారేయకుండా దాచుకోవాలి. ఉప్పెన కోసం వచ్చినవారు గనులు అనే మాటకు తీసివేత పెట్టుకుని ముందుకు సాగాలి.

1864 నవంబరు – 1865 డిసెంబరు

ఘటన జరిగింది ఒక్క రాత్రి. వెతికేది పద్నాలుగు నెలలు. కారణం టపా.

1864లో ఇండియా నుంచి ఆస్ట్రేలియాకు తంతి లేదు. వార్త మద్రాసు నుంచి ఓడలో సింహళంలోని గాల్ రేవుకు, అక్కడ నెలకోసారి బయల్దేరే టపా ఓడలో పశ్చిమ ఆస్ట్రేలియా మీదుగా మెల్‌బోర్న్, సిడ్నీలకు పోవాలి. అక్కడి నుంచి న్యూజిలాండ్‌కు ఇంకో ఓడ. అందుకే నవంబరు పత్రికల్లో ఏమీ కనబడకపోతే కంగారు పడనక్కరలేదు. లండన్‌కు ఎర్రసముద్రం దారిన టపా పోయేది. పర్షియా అఖాతం కేబులుతో ఇండియా–యూరప్ తంతి నడవడం మొదలైంది 1865లోనే. ఇక 1865 పొడవునా వెతకడం ఎందుకంటే, మొదటి వార్తలో ఉండేది గాభరా. లెక్కలు, సహాయపు చందాలు, మిషనరీల ఉత్తరాలు, ప్రభుత్వ నివేదికల సారాంశాలు నింపాదిగా, నెలల తరవాత వస్తాయి.

1872లో ఆస్ట్రేలియాను అడ్డంగా కోసుకుంటూ తంతి తీగ పూర్తయింది. న్యూజిలాండ్‌కు 1876లో అందింది. ఆ తరవాతి ఘటనలకు తేదీ లెక్క మారుతుంది. ఒకే సంగతి రెండుసార్లు వస్తుంది. మొదట ఒకటి రెండు రోజుల్లో తంతి మీద రెండు ముక్కలు, మళ్లీ వారాల తరవాత టపాలో పూర్తి కథ. 1879 రంప పితూరీ కోసం వెతికేవాళ్లు తంతి వార్త చూసి అక్కడే ఆగిపోతే అసలు కథ చేజారుతుంది. ఆ పత్రికలు దాన్ని ‘రంపా’ అనే కాక, తొలి అచ్చు ‘యు’గా ‘రుంపా’ అని కూడా రాశాయి.

బందరు సంగతికి మెల్‌బోర్న్ పత్రిక ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో పత్రికలు ఒకదాన్నుంచి ఒకటి కత్తిరించి వేసుకునేవి. ‘మద్రాస్ టైమ్స్ ఇలా రాసింది’ అని పేరు చెప్పి పేరాలకు పేరాలు ఎత్తివేయడం మామూలు. మద్రాసులో అచ్చయిన ఆ అసలు సంచిక మనకు స్క్రీన్ మీద దొరక్కపోవచ్చు. దానిలోని పేరా మెల్‌బోర్న్ ‘ఆర్గస్’లోనో ‘సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్’లోనో డునెడిన్ ‘ఒటాగో డైలీ టైమ్స్’లోనో బతికి ఉండవచ్చు. ఇండియా కబుర్లు ఇంగ్లండుకు చేరవేయడానికే నడిచిన ‘హోమ్‌వర్డ్ మెయిల్’ లాంటి పత్రికలు బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. తెలుగు తీరం మీద పరిశోధన చేసేవాళ్లు మొదట చూడాల్సింది వాటినే అని నా నమ్మకం. మద్రాసు ‘హిందూ’లో మాత్రం దీన్ని వెతక్కండి. ఆ పత్రిక పుట్టిందే 1878లో.

వార్తలు

ట్రోవ్ ప్రతి ముక్కకూ ఒక తరగతి పెడుతుంది: వార్తలు, ప్రకటనలు, కుటుంబ ప్రకటనలు, జాబితాలు. వార్తలను ఎంచుకోవడం ప్రధానంగా ప్రకటనలను తప్పించుకోవడానికి. లండన్‌లో అమ్మిన ఒక నస్యం రకానికి మసూలిపటం అని పేరు. మన ఊరిని వెతుకుతూ పొడుం ధరలు చదవాల్సి రావచ్చు. కుటుంబ ప్రకటనలను మాత్రం ఆఖరున ఒకసారి తెరవండి. మరణ వార్తల్లో ‘మసూలిపటంలో, నవంబరు 1న’ అనే రెండు ముక్కలు ఉండవచ్చు.

తేదీ వరుస

సైట్లు తమంతట తాము ఫలితాలను ‘ప్రాసంగికత’ వరుసలో పెడతాయి. మాట ఎక్కువసార్లు వచ్చిన పెద్ద వ్యాసం పైకి, చిన్న ముక్క అడుక్కి పోతుంది. చరిత్రకు కావలసింది ఏది ముందు వచ్చింది అనేది. పాతది మొదట అని మార్చుకుంటే వార్త నడిచిన దారి కళ్లకు కడుతుంది. ఏ రేవుకు ఏ రోజు చేరింది, మొదటి సంఖ్య ఎంత, తరవాత అది పెరిగిందా తగ్గిందా, ఒకే పేరా ఎన్ని పత్రికలకు పాకింది. పది పత్రికల్లో ఒకే మాటలు కనిపిస్తే అవి పది సాక్ష్యాలు కావు, ఒకటే. ఆ సంగతి వరుసగా చదివినప్పుడే తెలుస్తుంది.

సున్నా

ఈ మాట మూలంలో లేదు, జవాబుగా వస్తుంది. సున్నా ఫలితాలు అన్నప్పుడు దాని వెనక నాలుగైదు కారణాలు ఉండవచ్చు. యంత్రం తప్పు చదివి ఉంటుంది. మనం రాసిన రూపం ఆనాటిది కాకపోవచ్చు. ఆ పత్రిక ఆ ఏడాది సంచికలు స్కాన్ కాకపోయి ఉండవచ్చు. స్కాన్ అయిన సంపుటంలో ఆ వారం పుటలు చినిగిపోయి ఉండవచ్చు. ఇవన్నీ కాకపోతే చివరికి, నిజంగా రాయలేదన్నది. ఏ భాండాగారమైనా తన దగ్గర ఏ పత్రిక ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో ఒక జాబితా పెడుతుంది. ఆ జాబితా చూడకుండా ‘ఆనాటి పత్రికలు పట్టించుకోలేదు’ అని రాసే వ్యాసాలు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఒక ఊరి విషాదాన్ని లోకం పట్టించుకోలేదని తీర్పు చెప్పాలంటే, లోకం రాసినదంతా మన ముందు ఉందని ముందు తేల్చుకోవాలి.

సున్నా వచ్చినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. వెతకడం మాని చదవడం. తేదీ తెలుసు కాబట్టి ఆ వారపు సంచికలు తెరిచి ‘ఇండియా’ కాలమ్‌ను, ఓడల రాకపోకల కాలమ్‌ను పుట తరవాత పుట కళ్లతో చూడాలి. తుపానులో చిక్కిన ఓడ కెప్టెను చెప్పిన మాటలు తరచూ ఆ ఓడల కాలమ్‌లోనే, ఏ శీర్షికా లేకుండా ఉంటాయి.

పుట

ఫలితం దొరికాక, పక్కన యంత్రం రాసిన పాఠాన్ని ఎత్తి రాసుకోవద్దు. బొమ్మ తెరిచి కళ్లతో చదవాలి. ముఖ్యంగా అంకెలు. మూడు ఎనిమిదిగా, సున్నా తొమ్మిదిగా పడిన చోట వేలమంది మనుషులు ఎగిరిపోతారు, లేదా కొత్తగా చచ్చిపోతారు. చుట్టుపక్కల పేరాలు కూడా చదవాలి. వార్త ఎవరి ఉత్తరం నుంచి వచ్చింది, ఏ తేదీ ఉత్తరం అనేది పైనున్న వాక్యంలోనే ఉంటుంది. పత్రిక పేరు, ఊరు, తేదీ, పుట, కాలమ్, అన్నీ అప్పుడే రాసుకోవాలి. సైట్ల చిరునామాలు మారిపోతాయి. ఈ ఐదూ ఉంటే ఎప్పటికైనా మళ్లీ దొరుకుతుంది.

ట్రోవ్‌లో ఇంకో సదుపాయం ఉంది. పాఠంలో తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. దిద్దినది వెతుకులాటకు అందుతుంది. 2008లో పత్రికల సేవ మొదలైనప్పటి నుంచి వేలాదిమంది పంక్తి పంక్తినీ దిద్దుతూ వస్తున్నారు. చెడిపోయిన మసూలిపటాన్ని ఒక తెలుగు పాఠకుడు దిద్దితే, తరవాత వచ్చే బందరు పిల్లకు అది మొదటి ప్రయత్నంలోనే దొరుకుతుంది.

మన పత్రికలు

ఈ మూలం తెలుగు పత్రికల మీద పనిచేయదు. 1902లో బందరులోనే పుట్టిన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1926 నుంచి హైదరాబాదులో నడిచిన గోల్కొండ పత్రిక. వీటి పాత సంచికలు కొన్ని ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించినవాటిలో ఉన్నాయి, కొన్ని ఇతర డిజిటల్ భాండాగారాల్లో ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల కాగితం మీద ఉన్నాయి. స్క్రీన్ మీద దొరికేవి దాదాపు అన్నీ బొమ్మలే. వత్తులు, గుణింతాలు, సిరా చిమ్మిన పాత అచ్చు కలిసి తెలుగు ఓసీఆర్‌కు పెద్ద పరీక్ష పెడతాయి. కాబట్టి అక్కడ వెతుకు పెట్టె లేదు. ఉన్నది తేదీ ఒక్కటే.

ఆ తేదీని దూరదేశపు పత్రికలు ఇస్తాయి. అల్లూరి సీతారామరాజు మన్యం పితూరీ తీసుకోండి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఇద్దరు బ్రిటిష్ అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, చనిపోయారు. కవర్డ్ ఇంగ్లిషులో పిరికివాడు అనే మామూలు మాట, వెతికితే లోకమంతా వస్తుంది. హైటర్ అరుదైన పేరు. ఊరి పేరు యంత్రానికి తెలియకపోయినా హైటర్, మద్రాస్ రెండూ ఇరవై మాటల లోపు అని 1922 సెప్టెంబరు, అక్టోబరు నెలలను అడగవచ్చు. అలా ఒక్కో ఘటనకూ తంతి వార్త ఏ రోజున బయటికి పొక్కిందో రాసుకుని, 1922 ఆగస్టు 22 చింతపల్లి దాడి నుంచి 1924 మే 7న రాజు చనిపోయిన కొయ్యూరు ఘటన దాకా ఒక పట్టిక చేసుకోవాలి. ఆ పట్టిక పక్కన పెట్టుకుని ఆంధ్రపత్రికలో ఆ మర్నాటి నుంచి వారం రోజుల సంచికలు, వారపత్రికైన కృష్ణాపత్రికలో ఆ తరవాతి రెండు సంచికలు తెరవాలి. మొదటి పుటతో సరిపెట్టకూడదు. స్థానిక ఉత్తరాలు, సంపాదకీయం, శాసనసభ ప్రశ్నోత్తరాలు లోపలి పుటల్లో ఉంటాయి. సంచిక మీద ఇంగ్లిషు తేదీ చెరిగిపోయి ఉంటే తెలుగు సంవత్సరం పేరు చూసి పోల్చుకోవచ్చు. 1864 ఉప్పెన వచ్చిందీ రక్తాక్షిలోనే, అరవై ఏళ్ల తరవాత కొయ్యూరు ఘటన జరిగిందీ రక్తాక్షిలోనే. అందువల్ల సంవత్సరం పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు, పక్కన సంపుటి సంఖ్య కూడా రాసుకోవాలి.